మూడు విమానాలు, ఒక ఇత్తడి బిళ్ళ

విమాన కంపెనీలు పొత్తు ఎందుకు కట్టుకుంటాయో నాకు ఇప్పుడు బాగా తెలిసింది. ఒకటే కంపెనీ అయితే తప్పు జరిగినప్పుడు ఎవరిని నిలదీయాలో ప్రయాణికుడికి తెలిసిపోతుంది. పదీ ఇరవై కంపెనీలు చేతులు కలిపితే ఏ చెయ్యి పట్టుకోవాలో తెలియదు. అన్ని చేతులూ ఒకేసారి దులుపుకుంటాయి.

ఇంత జ్ఞానం నాకు పుట్టుకతో రాలేదు. బెంగళూరు అవతల నరసాపుర దగ్గర ఒక యంత్రభాగాల కంపెనీలో కొనుగోళ్ళు చూసే ఉద్యోగం నాది. ఏడాదికి నాలుగైదుసార్లు పరదేశం పోయి వస్తుంటాను. ఎప్పుడూ అలా పొత్తు కట్టిన ఒక కూటమి విమానాలే ఎక్కి ఎక్కి, వాళ్ళిచ్చిన మెరిసే కార్డు ఒకటి సంపాదించాను. ఆ కార్డు చూపిస్తే మెత్తటి కుర్చీలున్న గదిలోకి రానిచ్చి చల్లబడిపోయిన సమోసాలు పెడతారు. ఆ మాత్రానికే నేను ఎంత మిడిసిపడ్డానో తలచుకుంటే సిగ్గేస్తుంది. పండక్కో పబ్బానికో చుట్టాలు చేరితే చాలు, ఏ కంపెనీలో తువ్వాలు వేడిగా ఇస్తారు, ఏ కంపెనీలో దుప్పటి మెత్తగా ఉంటుంది, ఎవరి పలకరింపు బాగుంటుంది అని ఒకదాన్ని ఒకదానితో పోల్చి చెప్పేదాన్ని. విన్నవాళ్ళు గంగిరెద్దుల్లా తలలూపేవాళ్ళు. మా మేనమామ మాత్రం ఊపేవాడు కాదు. "తువ్వాలు ఇంట్లో లేదా పాపా?" అని అడిగేవాడు.

మా మేనమామ బంగారు గనుల ఊరైన ఆండర్సన్‌పేటలో ఉంటాడు. గని మూతపడేదాకా భూమి లోపల పనిచేశాడు. ఆయన ఇంటి వాకిలి పక్కన ఒక మేకు ఉంటుంది. బయటికి పోయేటప్పుడు ఆ మేకుకు ఒక ఇత్తడి బిళ్ళ తగిలించి పోతాడు, తిరిగి రాగానే తీసి జేబులో వేసుకుంటాడు. ఆ బిళ్ళ మీద ఆయన గని నంబరు ఉంది. దాన్ని టోకెన్ అంటారు. గనిలో రివాజు అదే. కిందికి దిగే ప్రతివాడూ టోకెన్ ఆఫీసు కిటికీ దగ్గర తన బిళ్ళ ఇచ్చేసి దిగాలి, పైకి వచ్చాక అడిగి తీసుకోవాలి. బిళ్ళ బోర్డు మీద వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. షిఫ్టు అయిపోయినా ఒక్క బిళ్ళ మిగిలి ఉంటే కిటికీ మూయరు. గని మూసి ఇన్నేళ్ళయినా మామ ఆ అలవాటు మానలేదు, మా అత్త కూడా మానలేదు. మేకుకు బిళ్ళ ఉన్నంతసేపూ ఆమె వాకిలి గడియ పెట్టదు.

ఆ కిటికీ వల్లే మామ బతికాడు. ఒకసారి లోపల బండ పగిలి దారి మూసుకుపోయింది, మామ అవతల చిక్కుకుపోయాడు. ఆయన షిఫ్టు జతగాడు, ఆంగ్లో ఇండియన్, అప్పటికే పైకి వచ్చేశాడు. తన బిళ్ళ తీసుకుంటూ పక్కన మామ బిళ్ళ వేలాడటం చూసి, ఇంటికి పోకుండా రక్షించేవాళ్ళతో మళ్ళీ కిందికి దిగాడు. వాళ్ళు రాళ్ళు తీస్తున్నంతసేపూ, ఒక పగలూ ఒక రాత్రీ, ఆయన బండల సందుకు నోరు పెట్టి మామతో మాట్లాడుతూనే ఉన్నాడట.

"ఏం మాట్లాడినాడు మామా?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఏముండాది! ఫుట్‌బాలు, వాళ్ళమ్మ చేసే కోడికూర, మేస్త్రీ మీద బూతులు. నాకు నిద్ర ముంచుకొస్తా ఉంటే, పండుకుంటే సచ్చిపోతావురా అని తిడతానే ఉండినాడు. వాని గొంతు పట్టుకొనే నేను పైకి వచ్చినా."

గని మూతపడ్డాక ఆ మిత్రుడు భార్యతో పెర్త్ వెళ్ళి స్థిరపడ్డాడు. నెలకోసారి ఫోనులో ఇద్దరూ తమిళం, తెలుగు, గని ఇంగ్లీషు కలగలిపి మాట్లాడుకునేవాళ్ళు. ఏడాది కిందట రమ్మని పట్టుబడితే మామకు వీసా తెప్పించాను. మోకాలి నొప్పితో ప్రయాణం వెనక్కి పోయింది, వీసా గడువు మాత్రం ఇంకా మిగిలి ఉంది.

ఒక బుధవారం ఆ మిత్రుడి భార్య ఫోను చేసింది. ఊపిరితిత్తులు పాడైపోయాయి, ఆదివారం పొద్దున గొంతులో గొట్టం వేస్తారు, వేశాక ఇక మాట ఉండదు, ఆ తర్వాత మనిషి ఉంటాడో లేదో కూడా చెప్పలేం అంది. మామ ఫోను పెట్టేసి పెట్టె దించాడు.

"ఆ పొద్దు వాడు మాట్లాడినాడు. ఇప్పుడు నా వంతు. వాడు బదులు చెప్పగలిగినప్పుడే నేను ఆడ ఉండాల పాపా," అన్నాడు.

నాకు ఆ దేశం వీసా లేదు. ఆయన ఒక్కడే పోవాలి. శనివారం పొద్దున బెంగళూరులో ఎక్కితే మధ్యలో ఒక ఊళ్ళో విమానం మారి, ఆ రాత్రికే పెర్త్‌లో దిగుతాడు. గొట్టం వేసేలోపు కొన్ని గంటలు చిక్కుతాయి. మొదటి విమానం ఒక కంపెనీది, రెండోది దాని పొత్తు కంపెనీది. పెద్దాయన, ఇంగ్లీషు అంతంత మాత్రం, దిగినచోట చెయ్యి పట్టుకుని రెండో విమానం దాకా తీసుకుపోవాలి అని టికెట్టులో రాయించాను. విమానాశ్రయంలో మామకు ధైర్యం చెప్పాను కూడా. "ఏం భయపడొద్దు మామా. అన్ని కంపెనీలూ ఒకే కుటుంబం. వాళ్ళే చూసుకుంటారు." గోడల మీద అంటించిన బొమ్మల్లో రాసి ఉన్న మాటే అది. దాన్ని నేను నమ్మి, ఆయన చేత నమ్మించాను.

ఆ తర్వాత జరిగింది మామ వచ్చాక నాకు చెప్పాడు.

బెంగళూరులో ఆయన చేతికి రెండు బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఒక్కో విమానానికి ఒకటి. విమానం ఎక్కే వాకిలి దగ్గర ఒక అమ్మాయి చెయ్యి చాచింది. మామ రెండూ ఆమె చేతిలో పెట్టేసి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు. ఆయనకు అందులో వింత ఏమీ కనిపించలేదు. కిందికి దిగేటప్పుడు టోకెన్ ఇచ్చేయడం, పైకి వచ్చాక తీసుకోవడం, ముప్పై ఏళ్ళు చేసిన పని అదే. ఆ అమ్మాయి ఒకదాన్ని యంత్రానికి చూపించింది. రెండోది ఏం చేసిందో, ఏ బుట్టలో వేసిందో ఆమెకే తెలియాలి. వెనకాల వరస తోసుకొస్తోంది, ఆమె ముఖాన నవ్వు మాత్రం చెదరలేదు.

మొదటి విమానంలో మర్యాదలకు లోటు లేదు. వేడి తువ్వాలు ఇచ్చారు, రెండుసార్లు పళ్ళరసం ఇచ్చారు, పేరు పెట్టి పిలిచారు. దిగాక ఒక కుర్రది వచ్చి, నవ్వుతూ ఆయన్ని ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, అవతలి కంపెనీవాళ్ళు వచ్చి తీసుకుపోతారని చేతులతో చూపించి, నవ్వుతూనే వెళ్ళిపోయింది. మామ కూర్చున్నాడు. అది కూడా గని నేర్పిన పాఠమే. దారి తప్పితే ఉన్నచోటే ఉండాలి, కదిలితే వెతికేవాళ్ళకు దొరకవు. ఆయన కదల్లేదు. ఎవరూ వెతకలేదు.

అవతలి కంపెనీవాళ్ళకు ఆయన కోసం రావాలని తెలియనే తెలియదు. నేను రాయించిన మాట మొదటి కంపెనీ పుస్తకంలోనే ఆగిపోయింది. కుటుంబంలో ఒకరి మాట ఒకరికి చేరదన్నమాట. రెండో విమానం ఎక్కే వాకిలి మామ కూర్చున్న బెంచీకి ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. వాళ్ళు మైకులో ఆయన పేరు పిలిచారు కానీ, మా తాత పెట్టిన పేరును నమిలి ఊసిన ఆ పలుకులో మామ తన పేరును పోల్చుకోలేకపోయాడు. చివరికి ఏదో తేడాగా ఉందనిపించి లేచి వాళ్ళ బల్ల దగ్గరికి పోయాడు. చక్కగా జుట్టు ముడి వేసుకున్న మనిషి ఒకామె బోర్డింగ్ పాస్ అడిగింది.

"ఇచ్చేసినాను మేడమ్. టోకెన్, ఫస్ట్ గేట్," అన్నాడు మామ.

"ఎవరికి ఇచ్చారు?"

"మీవాళ్ళకే."

వాళ్ళు మావాళ్ళు కారండీ, అంది ఆమె. ఎంతో మర్యాదగా, తల ఒక పక్కకు వంచి మరీ అంది. పాస్‌పోర్టు చూసి ఇంకో కాగితం అచ్చువేసి ఇవ్వడానికి రెండు నిమిషాలు పట్టదు, అది నేను కళ్ళారా చూసినదే. ఆమె మాత్రం మొదటి కంపెనీ బల్ల దగ్గరికి పొమ్మని చూపించింది. అది ఇంకో అంతస్తులో ఉంది. మామ ఆ నొప్పి మోకాళ్ళతో అక్కడికి పోయి తిరిగి వచ్చేసరికి వాకిలి మూసేశారు. అద్దంలోంచి విమానం వెనక్కి కదలడం ఆయనకు కనిపిస్తూనే ఉంది.

సరిగ్గా ఆ సమయానికి ఇక్కడ సాయంత్రం నాలుగున్నర దాటింది. నేను ఆండర్సన్‌పేటలో మామ ఇంటి అరుగు మీద అత్తతో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితికి పొట్టు తీస్తున్నాను. ఫోనులో వాళ్ళ యాప్ మోగింది. ప్రయాణికుడు హాజరు కాలేదు అని వచ్చింది. ఇరవై అడుగుల దూరంలో రెండు గంటలు కూర్చున్న మనిషి హాజరు కాలేదట.

మామ ఫోను దేశం దాటితే పలకదు. మొదటి కంపెనీకి ఫోను చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి, ఒక తియ్యటి గొంతు పలికింది. ఆ విమానం మా భాగస్వామి నడుపుతున్నారు మేడమ్, వారిని సంప్రదించండి అంది. భాగస్వామికి చేశాను. అక్కడ ఇంకో రకం సంగీతం. టికెట్టు మేము ఇచ్చింది కాదు కదా మేడమ్ అన్నాడు అతను.

"టికెట్టు సంగతి తర్వాత. మనిషి ఎక్కడున్నాడో చూసి చెప్పండి," అన్నాను.

"ఆయన మా విమానం ఎక్కలేదు కాబట్టి మా ప్రయాణికుడు కాదు మేడమ్."

మళ్ళీ మొదటివాళ్ళకు చేశాను. ఆయన మా విమానం దిగిపోయారు కాబట్టి మా ప్రయాణికుడు కాదన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. మెరిసే కార్డు నంబరు చెప్పాను, అరిచాను, ఇంగ్లీషులో తిట్టి, కోపం చాలక తెలుగులో తిట్టాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నారు. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ చింతించదు. ఇక ఆ కూటమికే ఫోను చేద్దామని వెతికితే దానికి నంబరే లేదు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు మాత్రం బోలెడు ఉన్నాయి.

అత్త గింజలు పితకడం ఆపి వాకిలి పక్కకు చూసింది.

"బిళ్ళ ఆడే ఉండాది. మనిషి ఇంగా లోపలే ఉండాడు. పైకి తెచ్చేవాళ్ళు ఎవురన్నా ఉండారా ఆడ?" అని అడిగింది.

ఒకే కుటుంబం అని చెప్పిన నోరు నాదే.

మామను పట్టించుకున్నది మూడో కంపెనీ మనిషి. అదే కూటమిలో అందరూ చిన్నచూపు చూసే కంపెనీ అది. దాని విమానాలు పాతవి, కుర్చీలు వెనక్కి వాలవు, తిండి చల్లగా ఉంటుంది. చుట్టాల ముందు నేను ఎప్పుడూ వెక్కిరించే కంపెనీ. పక్క వాకిలిలో తన పని ముగించుకుని పోతున్న ఒక నడివయసు మనిషి, మామను ఆ బెంచీ మీద రెండోసారి చూసి ఆగిందట. ముఖం గంటు పెట్టుకుని పాస్‌పోర్టు లాక్కుందట. జబ్బ పట్టుకుని లేపి, రెండు కంపెనీల బల్లల దగ్గరికీ తీసుకుపోయి, ఇద్దరినీ కడిగేసిందట. అయినా ఆ రోజుకు పెర్త్ పోయే విమానం ఇంక లేదు. మరుసటి రోజు తమ విమానంలో సీటు రాయించి, మామ చెప్పిన నంబరుకు తన ఫోనులోంచి నాకు ఫోను కలిపింది.

"మీ మామ. మాట్లాడండి," అంది ఇంగ్లీషులో. అంతే. చింతించలేదు.

"పాపా, వానికి చెప్పు. లేటు అయితాది గానీ వస్తా ఉండానని చెప్పు. మాట పోనియ్యొద్దని చెప్పు," అన్నాడు మామ.

పెర్త్‌కు చెప్పాను. గొట్టం ఒక రోజు ఆపుతారేమో అని ఆయన భార్య అడిగింది కూడా. డాక్టర్లు కుదరదన్నారు. ఆదివారం పొద్దున ఆయన్ని తీసుకుపోయారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన పోయాడు. మామ ఎక్కిన విమానం అప్పటికి ఇంకా నేల వదల్లేదు.

అక్కడ దిగేసరికి విమానాశ్రయానికి ఆ మిత్రుడి బావమరిది వచ్చి ఉన్నాడు. మామను చూడగానే తల దించుకున్నాడట. ఇంటికి పోయాక ఆయన భార్య మామ చేతులు పట్టుకుని చెప్పిందట. శనివారం రాత్రంతా నిద్రపోకుండా, గంటకోసారి, "కేజ్ వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడని. కేజ్ అంటే గనిలో మనుషుల్ని పైకి తెచ్చే ఇనుప పెట్టె. గనివాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి ఆమెకు అది అర్థమైంది. "వస్తా ఉండాది" అని ప్రతిసారీ చెప్పిందట.

మామ పదకొండు రోజులు అక్కడుండి, మట్టి చేసేదాకా నిలబడి, తిరిగి వచ్చాడు. తిరుగు టికెట్టు కూడా ఊరికే దొరకలేదు. వెళ్ళేటప్పుడు హాజరు కాలేదు కాబట్టి వచ్చే ప్రయాణం తానంతట తానే రద్దయిపోయిందని కుటుంబం చెప్పింది. దానికి నేను మళ్ళీ ఆ సంగీతాలన్నీ విన్నాను. మామ లేని ఆ రోజులన్నీ అత్త వాకిలి గడియ పెట్టలేదు. మామ వచ్చి, చెప్పులు విడవకముందే బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

తర్వాత రెండు కంపెనీల నుంచి క్షమాపణలు వచ్చాయి. మొదటిది తప్పు భాగస్వామిదని సూచించింది, భాగస్వామి తప్పు మొదటిదాని మీదికి నెట్టింది. రెండు ఉత్తరాల కిందా, మీ కుటుంబం, అని ఒకే సంతకం ఉంది. నా కార్డులో కొన్ని మైళ్ళు కూడా వేశారు. ఇరవై అడుగులు నడిపించలేనివాళ్ళు నాకు వేల మైళ్ళు దానం చేశారు. నేను ఆ కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేశాను. దానివల్ల వాళ్ళకు పోయిందేమీ లేదు, నాకూ పెద్దగా మనశ్శాంతి కలగలేదు.

ఆ వెనకే ఫారం వచ్చింది. మా కూటమిలోని కంపెనీల సేవలను మీ అనుభవంతో పోల్చి చెప్పండి అని. పలకరింపు, చిరునవ్వు, తువ్వాలు, భోజనం, శుభ్రత, ఒక్కోదానికి పదిలో ఎన్ని అని. ప్రయాణికుడి మాటలే కావాలంటే మాటలే చెబుదామని, ఒక ఆదివారం మామ ఎదుట కూర్చుని చదివాను.

"చిరునవ్వు మామా. మొదటి కంపెనీకి ఎన్ని?"

"పదీ వేసెయ్. ఆ పిల్ల పండ్లు బాగుండాయి."

"రెండోదానికి?"

"దానికీ పది. ఆయమ్మ తల వంచి చెప్పింది గదా."

"మూడోదానికి?"

"సున్నా. ఆయమ్మ నవ్వనే లేదు. పని చేసింది. పనికి గడి ఉండాదా దాంట్లో?"

లేదన్నాను.

"మా టోకెన్ కిటికీలో ఒకడు ఉండినాడు పాపా. తాగేవాడు. నోరు తెరిస్తే బూతే. ముప్పై ఏండ్లలో ఒకనాడు నవ్వినోడు కాదు. ఒక్క బిళ్ళ మిగిలితే మాత్రం పెండ్లాము పిలిచినా ఇంటికి పోయేవాడు కాదు, కిటికీకాడనే కూకోనుండేవాడు. వానికి మీ ఫారంలో ఎన్ని వస్తాయి?"

"సున్నాలే మామా."

"అట్లనా," అన్నాడు. జేబులో బిళ్ళను వేళ్ళతో తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

చివర ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. మీరు గమ్యస్థానానికి క్షేమంగా చేరారా? అవును, కాదు. రెండు గడులు. ఏది నొక్కాలో తోచక, కోపంతో ఫోను పక్కన పడేయబోయాను. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అవునని రాయి. అబద్ధం ఎందుకు, నేను చేరినా గదా. చేరేలోపల వాడు పోయినాడు. దానికి వాళ్ళ కాడ గడి ఉండదులే పాపా."